ముందు మా బామ్మర్దిని చూడండి

కట్టంగూరు,
9-2-1996

బాలస్వామికి మీ బావ పెద్దులు దీవించి రాయడం ఏమంటే,

మీ అక్క, నేను, బర్రె ముగ్గురం బాగున్నాం. బర్రె మొన్ననే ఈనింది, పెయ్యదూడ. అప్పటి నుంచి మీ అక్క దాని ముఖం చూస్తోంది తప్ప నా ముఖం చూడటం లేదు. ఒకందుకు అదీ మంచిదే.

నీతో ఒక సంగతి మాట్లాడాలి. అక్కకు తెలియకూడదు. మీ ఇంట్లో జానమ్మకు కూడా చెప్పకు. ఫోన్ చేద్దామంటే మా ఊళ్లో ఉన్నది ఒక్కటే బూత్. దాన్ని నడిపే అంజన్న సంగతి నీకు తెలియనిది కాదు, మనం ఫోన్ పెట్టేలోపే మన మాట బస్టాండు దాటుతుంది. అందుకని ఉత్తరం.

కొన్ని నెలలుగా దాస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. ఈ వయసులో నాకు ఇలాంటిది వచ్చి పడుతుందని కలలో కూడా అనుకోలేదు. ఒక ఆదివారం నువ్వొక్కడివే చిట్యాలకు రా. అక్కడే కలుద్దాం. ఇంటి దగ్గర నోరు విప్పే వీలు లేదు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్.

మీ బావ,
పెద్దులు

* * *

కల్వకుర్తి,
18-2-1996

బావకు బాలస్వామి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. చింపలేదు. అవసరం పడవచ్చని దాచాను.

పెద్దవాడివి, నీకు చెప్పే వయసు నాది కాదు. కానీ నేను నీకు బామ్మర్దినే కాదు, ఆమెకు తమ్ముణ్ణి కూడా. పోయిన నెల చిట్యాల పెళ్లిలో అక్క నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "మీ బావకు ఒక్క తాన కుదురుంటలేదు తమ్మి. సూస్తుండంగనే మాయమైతడు. ఏడికి పోయినవంటే మొఖం తిప్పుకుంటడు." అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. ఈ వయసులో ఇలాంటిది అంటావు, చిట్యాలలో కలుద్దామంటావు, ఇంట్లో తెలియకూడదంటావు.

ఎవరామె?

ఆర్టీసీ డ్రైవరుగా ఇన్నేళ్లు చేసి, ఒక్క ప్రమాదం లేకుండా రిటైరైన మనిషివి. అరవై దాటాక రోడ్డు తప్పుతావా? పిల్లలు నలుగురూ సంసారాల్లో ఉన్నారు. ఆమె ఎవరైనా సరే, ఒక దండం పెట్టి వచ్చెయ్. నేను ఎవరికీ చెప్పను.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. మోటార్లన్నీ ఒక్కసారి వేస్తున్నారు, ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతున్నాయి. నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌నైనా స్తంభం ఎక్కడం తప్పడం లేదు. ఇంక నాలుగు నెలల్లో రిటైర్మెంటు.

బాలస్వామి

* * *

కట్టంగూరు,
25-2-1996

ఓ తెలివిగల బామ్మర్దీ,

నీ ఉత్తరం చదివాక బర్రెకు నీళ్లు పెట్టడం మరిచాను.

ఆమె లేదు, ఈమె లేదు. నా బాధ మూత్రం. అంతే, రాసేశాను.

గంట గంటకూ పోవాలనిపిస్తుంది. పోతే రాదు. గోడ ముందు నిలబడి ఊళ్లోవాళ్లందరినీ తలచుకునేంత సేపు నిలబడతాను, నాలుగు చుక్కలు పడతాయి. ఇవతలికి రాగానే మళ్లీ అదే. రాత్రి నిద్ర లేదు. ఆ పెళ్లిలో పుస్తె కట్టే టైముకు నేను ఎక్కడున్నానో ఇప్పుడు నీకు తెలిసి ఉంటుంది.

సూర్యాపేటలో బస్సు తీస్తే కోదాడ దాకా సీటు దిగని మనిషిని నేను. ఇప్పుడు నకిరేకల్ పోయేలోపే దిగాలి. అందుకే తప్పనిసరైతే తప్ప బస్సెక్కడం లేదు. కొడుకు దగ్గరికి పోదామని మీ అక్క అంటే మోకాళ్ల నొప్పులని అబద్ధం చెబుతున్నాను. నీళ్లు తాగడం తగ్గించాను. వేడి చేసిందేమోనని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు అన్నీ అయ్యాయి.

ఆడవాళ్లతో చెప్పుకునే సంగతా ఇది? డాక్టరుకు చెబుదామంటే అక్కడా నోరు రావడం లేదు. నీకైతే చెప్పొచ్చు అనుకుంటే, నువ్వు నాకు చిన్నిల్లు కట్టించావు.

పెద్దులు

* * *

కల్వకుర్తి,
3-3-1996

బావా,

నన్ను క్షమించు. జానమ్మకు చెప్పనని అనుకుంటూనే చెప్పేశాను. ఆమె మీ ఊరి వైపు వచ్చే వాళ్ల అన్నతో అక్కకు ఒక మాట చేరవేసిందట, ‘అన్నయ్య మీద ఒక కన్నేసి ఉంచు వదినా, చిట్యాల పేరెత్తుతున్నాడు’ అని. ఆ మాట ఈపాటికి చేరి ఉంటుంది. నీ మీద ఏదైనా విసిరితే తప్పుకో.

నీ బాధకు సిగ్గెందుకు? మా ఆఫీసులో ఒకాయనకు ఇదే వచ్చింది. వయసు మీద పడ్డాక మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి పెరుగుతుందట. దాన్ని ప్రొస్టేట్ అంటారు. అందరిదీ ఒకే రోగం కాదు, ఉత్తగా పెరగొచ్చు, ఇంకోటి కావొచ్చు, చూపించుకుంటేనే తెలుస్తుందని ఆయన చెప్పాడు. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానకు ప్రతి గురువారం హైదరాబాదు నుంచి దానికి సంబంధించిన డాక్టరు వస్తాడట. పోయి చూపించుకో.

అక్కకు నువ్వే చెప్పు. చెబితే పోయేదేమీ లేదు.

బాలస్వామి

* * *

కట్టంగూరు,
12-3-1996

బాలస్వామీ,

నేను చెప్పేలోపే అంతా అయిపోయింది.

మీ వాళ్లు చేరవేసిన మాట వినగానే మీ అక్క నాతో ఒక్క ముక్క అనకుండా బస్సెక్కి చిట్యాల పోయింది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు టీ తాగే హోటలు ఒకటుంది, సుక్కమ్మది. ఇంకెవరూ తోచక నేరుగా ఆమె దగ్గరికే పోయిందట, కొంగు నడుముకు చుట్టుకుని. సుక్కమ్మకు నాకంటే పదేళ్లు ఎక్కువ, పళ్లు లేవు. మీ అక్క ఆమెను చూసి ఏమనాలో తెలియక టీ అడిగింది. మాటలో మాట కలిసింది. చివరికి సుక్కమ్మే చెప్పిందట: "మీ ఆయన కాడ గసొంటిదేం లేదు బిడ్డా. మొన్న పెండ్లికొచ్చినప్పుడు మా హోటలెనక గోడ కాడికి మల్ల మల్ల పోయొచ్చిండు. మా ఇంటాయనకు గూడ గిట్లనే ఉండె. దవాఖానకు తీస్కపో."

సాయంత్రం మీ అక్క ఇంటికి వచ్చింది. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను, పారిపోవడానికి వీలుగా. ఆమె చెప్పులు విడిచి నేరుగా నా ముందుకు వచ్చింది.

"నలుగురు పిల్లల్ని కన్నం. గీ ముచ్చట నాకు చెప్పనీకి సిగ్గైందా నీకు?" అన్నది.

తర్వాత ఆమె నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత తిట్టింది. ఆ రోజు అన్నం లేటయింది గానీ, గుండె మీది బండ దిగినట్టయింది.

గురువారం నన్ను నల్లగొండ తీసుకుపోయింది. పేరు రాయించాం. కూర్చున్నాం. పక్కన కూర్చున్న పెద్దమనిషిని, ఎట్లా చూస్తారని అడిగాను. ఆయన చెవిలో చెప్పాడు. డాక్టరు రబ్బరు తొడుగు వేసుకుని, వెనక నుంచి వేలు పెట్టి ఆ గ్రంథిని చూస్తాడట. బాలస్వామీ, నేను నీళ్లు తాగి వస్తానని లేచి నేరుగా బస్టాండుకు పోయాను. మీ అక్క వెనక బస్సులో వచ్చింది. అప్పటి నుంచి మళ్లీ మాటల్లేవు. ఈసారి తప్పు నాదే.

పెద్దులు

* * *

కల్వకుర్తి,
17-3-1996

బావా,

అర్ధరాత్రి లారీలకు ఎదురుపోయి బస్సు నడిపినవాడివి, ఒక వేలికి భయపడ్డావా? ఇది నలుగురికీ తెలిస్తే మా అక్క పుట్టింటి పరువు పోతుంది.

వచ్చే గురువారం నేను దేవరకొండ మీదుగా నల్లగొండ వస్తున్నాను. నువ్వు, అక్క అక్కడికి రండి. నాకే బాధా లేదు. మూత్రం సాఫీగా పోతుంది, రెండు పూటలా జొన్నరొట్టె తింటాను, ఇప్పటికీ స్తంభం ఎక్కుతాను. అయినా నీ ముందు నేను చూపించుకుంటాను. నేను నవ్వుకుంటూ బయటికి వస్తే నువ్వు లోపలికి పోవాలి. ఒప్పందం.

జానమ్మ చింతచిగురు ఎండబెట్టింది. తెస్తాను.

బాలస్వామి

* * *

కట్టంగూరు,
6-4-1996

బాలస్వామీ,

ఒప్పందం నిలబెట్టావు, నేనూ నిలబెట్టాను. రెండు నిమిషాల పని. దానికోసం ఇన్ని నెలలు నీళ్లు తాగకుండా చచ్చాను.

నా రక్తపరీక్ష హైదరాబాదు నుంచి వచ్చింది. దాన్ని పీఎస్ఏ అంటారట. భయపడేదేమీ లేదన్నాడు డాక్టరు. నాది వయసుతో పెరిగిన గ్రంథి, క్యాన్సరు కాదు. గోళీలు రాశాడు. తగ్గకపోతే చిన్న ఆపరేషను చేయవచ్చు, ఇప్పుడే అక్కర్లేదన్నాడు. నాలుగు రోజులకే ఫరక్ తెలిసింది. మొన్న మీ అక్కతో సూర్యాపేట పోయి వచ్చాను, మధ్యలో ఎక్కడా దిగలేదు. కండక్టరు మనవాడే, వాడికేం తెలుసు నేనెందుకు నవ్వుతున్నానో.

కానీ నువ్వు ఆ రోజు అన్నం తినకుండా ఎందుకు పోయావు? ఇంటికి పోదాం రమ్మంటే పనుందని దేవరకొండ బస్సెక్కావు. అక్క నీ కోసం కోడిని కోయించి పెట్టింది. నీ రక్తం రిపోర్టు సంగతి రాయి.

పెద్దులు

* * *

కట్టంగూరు,
27-4-1996

బాలస్వామీ,

జవాబు లేదు. నీకు కోపం వచ్చిందని మీ అక్క అంటోంది, నాకూ అదే అనుమానం. ఆ రోజు అందరి ముందు నేను నిన్ను ముందుకు తోసి, "ముందుగాల మా బామ్మర్దిని చూడుండ్రి సార్, స్తంభాలెక్కినోడు, గట్టిగుంటడు" అన్నాను. బెంచీల మీదివాళ్లందరూ నవ్వారు. నాకు లోపల వణుకు, అందుకని పరాచికమాడాను. నీ మనసు నొచ్చితే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బావ అన్నాక ఒక మాట అంటాడు. దానికి మాట్లాడటమే మానేస్తారా?

రాయకపోతే నేనే వస్తాను.

పెద్దులు

* * *

కల్వకుర్తి,
4-5-1996

బావా,

కోపం లేదు. నువ్వన్న మాట గుర్తు కూడా లేదు.

ఆ రోజు నిన్ను రక్తం తీయడానికి పక్క గదికి పంపినప్పుడు డాక్టరు నన్ను మళ్లీ లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఒక పక్క గట్టిగా, గింజ తగిలినట్టు తగిలిందన్నాడు. తర్వాత రక్తపరీక్షలో లెక్క ఎక్కువ వచ్చింది. హైదరాబాదు పోయాను, ఒక్కణ్ణే. సూదితో చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. నాకు క్యాన్సరట.

తోడుగా వచ్చినవాణ్ణి నేను. నొప్పి లేదు, మంట లేదు, నీకున్న బాధల్లో ఒక్కటీ లేదు. అదే అడిగాను డాక్టరును. మొదట్లో చాలామందికి ఏమీ తెలియదనీ, తెలిసే నాటికి ఎముకల దాకా పోయి ఉండవచ్చనీ అన్నాడు. నాది ఇంకా గ్రంథి లోపలే ఉందట. ఆపరేషను చేసి తీసేస్తే బాగవుతుందన్న నమ్మకం ఉందన్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఉండేదా అని అడిగాడు. లేదన్నాను. తిరుగు బస్సులో కూర్చున్నాక మా తోడబుట్టిన ఐలేశం అన్న గుర్తుకు వచ్చాడు. ఆఖరి ఏడాది నడుంనొప్పి అని మంచం దిగలేదు కదా. మనం పసర్లు కట్టించాం, పట్టు వేయించాం. మూత్రం బంద్ అయినా ఎండకని అనుకున్నాం. మళ్లీ పోయినప్పుడు ఇదంతా డాక్టరుకు చెప్పాను. అదే అయి ఉండవచ్చు, ఇప్పుడు గట్టిగా చెప్పలేమన్నాడు.

నేను ఆపరేషను వద్దనుకుంటున్నాను బావా. జూన్‌లో రిటైర్మెంటు. నా ఒళ్లు నాకు బాగానే ఉంది. బాగున్న ఒంటిని కత్తి కింద పెట్టి ఏదైనా అయితే? జానమ్మకు చెప్పలేదు. అక్కకూ చెప్పకు.

బాలస్వామి

* * *

కట్టంగూరు,
9-5-1996

బాలస్వామీ,

చెప్పకు అన్నావు. చెప్పాను. ఈ ఇంట్లో దాపరికం ఎట్లా తిరిగిందో నువ్వు చూశావు కదా.

మీ అక్క నీ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకుంది. తర్వాత అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అన్ననేమో నడుంనొప్పే అనుకోని పోగొట్టుకున్నం. మనకు తెల్వదు, ఎవ్వలు చెప్పలే. తమ్మునికి రోగం పేరు తెలిసింది. తెలిసినంక గూడ ఇంట్ల కూసుంటడా?"

నేను డాక్టరును కాను. నాకు తెలిసింది బండి ఒక్కటే. బండి రోడ్డు మీద ఆగిపోయాక డిపోకు తోస్తామా? పరుగెత్తుతున్నప్పుడే, ఏ చప్పుడూ లేనప్పుడే, డిపోలో గుంత మీద నిలబెట్టి కింద దీపం వేసి చూస్తాం. చూసినందుకే కనబడింది. కనబడ్డాక ఆ వదులు బోల్టును అట్లాగే వదిలేసి ప్యాసింజర్లను ఎక్కించుకునే డ్రైవరును నేను ఎక్కడా చూడలేదు. నీ బండిలో జానమ్మ ఉంది, పిల్లలున్నారు.

నీకు భయంగా ఉంది. ఆ మాట ఉత్తరమంతా వెతికాను, రాయలేదు. నాకు వేలంటేనే భయమైంది, నీది కత్తి. భయపడు, తప్పు లేదు. భయపడుతూనే పోదాం.

సోమవారం పొద్దున బస్సుకు మీ అక్క, నేను వస్తున్నాం. నేను గోళీ వేసుకుని బయల్దేరతాను, దేవరకొండలో తప్ప దిగను. ఇంట్లోనే ఉండు. స్తంభమెక్కి కూర్చుంటే కింద నిలబడి దించుతాను.

మీ బావ,
పెద్దులు

* * *

హైదరాబాదు,
దవాఖాన, రెండో అంతస్తు,
2-7-1996

బావా,

జానమ్మ దిండు సరిచేసి కూర్చోబెడితే ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు.

నువ్వు పోయిన తెల్లారే పెద్ద డాక్టరు వచ్చాడు. తీసిన గ్రంథిని పరీక్ష చేశారట. రోగం దాని లోపలే ఉంది, బయటికి పాకలేదు. ఇంకో ఏడాది ఆగి వస్తే ఈ మాట చెప్పగలిగేవాణ్ణో లేదో అన్నాడు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. మూత్రానికి పెట్టిన గొట్టం ఇంకా ఉంది, అది తీశాక కొన్నాళ్లు చంటిపిల్లాడిలా బట్టలు తడుపుకోవలసి వస్తుందట. మెల్లగా పట్టు వస్తుందని ఏవో కసరత్తులు నేర్పారు. నీకు రాలేదని ఏడ్చావు, నాకు ఆగడం లేదని నేను ఏడుస్తాను. ఒకే ఇంటి అల్లుడు, కొడుకు.

మా ఆఫీసువాళ్లు రిటైర్మెంటు శాలువా ఇక్కడికే తెచ్చి మంచం మీదే కప్పారు. మా ఇంజనీరు గారు ఉపన్యాసం మొదలుపెట్టారు గానీ నర్సు వచ్చి అందరినీ బయటికి పంపింది. ఆమెకు పుణ్యముంటుంది.

ఆ సోమవారం అక్క వాకిట్లో నిలబడి జానమ్మకు చెప్పేసినప్పుడు నీ మీద కోపం వచ్చింది. జానమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె లోపలికి పోయి సంచిలో బట్టలు సర్దింది. అది చూశాక ఇక కాదనలేకపోయాను. నిన్న అడిగాను, ఆ రోజు ఎందుకు ఏడవలేదని. "ఏడిస్తె నువ్వు నన్ను ఊకోబెట్టుకుంట కూసుందువు, పోకుంట" అన్నది.

ఐలేశం అన్న కొడుకును కూడా డాక్టరు చూపించుకొమ్మన్నాడు. తండ్రికో అన్నదమ్ములకో ఉంటే వాళ్లు మిగతావాళ్లకంటే ముందే చూపించుకోవాలట. వాడు వచ్చాడు, అంతా బాగుంది. వాడి తల్లి బిక్షమ్మ వదిన వెంట వచ్చి నా మంచం దగ్గర కూర్చుంది. చాలాసేపు నా కాళ్లు పట్టుకుని ఉండిపోయింది.

దూడ ఎట్లా ఉంది?

బాలస్వామి

* * *

కట్టంగూరు,
3-11-1996

బాలస్వామీ,

మొన్నటి రక్తపరీక్షలో లెక్క దాదాపు లేనట్టే వచ్చిందని నువ్వు రాసిన కార్డు చూసి మీ అక్క వీధి వీధికీ పాయసం పంచింది. బట్టలు తడపడం కూడా తగ్గిందన్నావు, అది పంచేటప్పుడు చెప్పలేదు. ఆమెకు ఆ మాత్రం తెలుసు.

ఇప్పుడు ఇక్కడి సంగతి. మా వీధిలో రామచంద్రం అని బత్తాయి తోట ఉన్నాయన ఉన్నాడు. సాయంత్రం అయిదుకు ఆయన అరుగు మీద ముసలివాళ్లమంతా కూర్చుంటాం. నీ సంగతి చెప్పాను, నా సంగతీ చెప్పాను. అందరూ విని వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు కోపం రాలేదు, నేనూ అంతేగా. ఇంటికి పోయి మీ అక్కకు చెప్పాను.

మరునాడు ఆమె నేరుగా ఆ అరుగు దగ్గరికి వచ్చింది. నిలబడే చెప్పింది, మూత్రం దగ్గరి నుంచి వేలు దాకా ఏదీ దాచకుండా. యాభై దాటినవాళ్లు బాధ ఉన్నా లేకున్నా డాక్టరును అడిగి చూపించుకోవాలని చెప్పింది. రామచంద్రం తల దించుకుని, ఆడవాళ్ల నోట ఇవేం మాటలమ్మా అన్నాడు.

"మీరు సచ్చిపోతె ఏడ్సేది మేమే గద పటేలా. ముందుగాల చెప్తె ఏం తప్పు?" అన్నది మీ అక్క.

ఆ మాట ఇళ్లలోకి పోయింది. ఆడవాళ్లు అందుకున్నారు. మొన్న గురువారం పొద్దున పీర్ మహమ్మద్ తన జీపు తెచ్చి పెడితే, అందులో మగవాళ్లకంటే ముందు టిఫిన్ గిన్నెలు ఎక్కాయి. పీర్ మహమ్మద్ కూడా యాభై దాటినవాడే, వాళ్లావిడ షరీఫా అతన్ని డ్రైవరుగా పోయి డ్రైవరుగా రావొద్దని చెప్పి పంపింది. నార్కట్‌పల్లి దాకా జీపులో ఒక్క మాట లేదు, శవం దగ్గర కూర్చున్నట్టే. అక్కడ టీ తాగాక ఒక్కొక్కరూ బయటపడ్డారు. ఒకాయనకు ఏడాది నుంచి బాధ ఉందట, ఇంకొకాయనకు మూత్రంలో రక్తం పడిందట. ఒకే అరుగు మీద రోజూ కూర్చునేవాళ్లం, ఎవరిది ఎవరికీ తెలియదు.

దవాఖానలో ఎవరు ముందని మళ్లీ అదే పంచాయితీ. నీలాంటి బామ్మర్ది అందరికీ ఉండడు కదా. చివరికి రామచంద్రమే లేచాడు. ఇస్త్రీ చొక్కా, పైన కండువా, పెళ్లిచూపులకు పోయినట్టు లోపలికి పోయాడు. మేం పైకప్పు చూస్తూ కూర్చున్నాం. రెండు నిమిషాలు కూడా కాలేదు, తలుపు తెరిచి బయటికి వచ్చాడు. కండువా సరిచేసుకుని, హాలంతా వినబడేటట్టు అడిగాడు:

"గింతేనా?"

అందరం ఒక్కసారి నవ్వాం. వరండాలో బీడీలు కాలుస్తూ వెళ్లిపోదామా ఉందామా అని తిరుగుతున్న ఎవరో ఇద్దరు, మా ఊరివాళ్లు కూడా కాదు, బీడీలు ఆర్పేసి లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

మీ బావ,
పెద్దులు